పట్టుపురుగుల షెడ్డుకు మోటారుతో జరిగే కిటికీలు

పట్టుపురుగుల పెంపకములో ఆకు ఎంత ముఖ్యమో గాలియు అంతే ముఖ్యము. ఆకు చాలనిచో పురుగు తల ఎత్తి వెదకును. రైతు వెంటనే గుర్తించును. గాలి చాలనప్పుడు మాత్రము ఆ సంగతి వెంటనే తెలియదు. కొన్ని దినముల తరువాత రోగరూపమున బయటపడును. అప్పటికి పంట చేయి దాటిపోవును.

హిందూపురము, మడకశిర, కదిరి, పలమనేరు ప్రాంతములలో పట్టు రైతులు పురుగుల కొరకు ప్రత్యేకముగా షెడ్లు కట్టుకొనుచున్నారు. పొడవైన షెడ్డుకు ఎనిమిది, పది కిటికీలుండును. వాటిని పగలు రేయి అనక తెరచుట, మూయుట ఇంటిల్లిపాదికి శ్రమ. అందుచేత కొందరు కిటికీ తలుపులను ఒక తాడుకు కలిపి మోటారుతో జరుపుచున్నారు. ఆలోచన మంచిదే. కాని మోటారు పెట్టినంత మాత్రమున పని ముగియదు.

ఒక గ్రామమున నేను చూచిన సంగతి చెప్పెదను. ఏప్రిల్ నెల, పురుగులు ఐదవ దశలో ఉన్నవి. ఎండకు భయపడి ఉదయము పది గంటలకు మోటారుతో కిటికీలన్నియు మూసి ఇంటివారు ఆకు కోతకు వెళ్లిరి. మధ్యాహ్నము కరెంటు పోయెను. షెడ్డు లోపల ఉక్క పెరిగి, పడకలు వేడెక్కి, పురుగులు ఆకు వదలి అంచులకు పాకసాగెను. చేతితో తలుపు లాగిన కదలదు. గేరు పట్టి ఉంచినది. చివరకు ఆ రైతు గడ్డపారతో రెండు కిటికీలు పగులగొట్టి గాలి ఆడనిచ్చెను. అయినను ఆ పంటలో చాలా పురుగులు గూడు కట్టలేదు. మోటారు చెడిపోలేదు, తలుపులును చెడిపోలేదు. కరెంటు పోయిన నాడు ఏమి చేయవలెనో ముందుగా ఆలోచింపకపోవుటయే లోపము. కిటికీ జరుపు యంత్రమును కూర్చునప్పుడు "ఇది ఎట్లు నడుచును?" అను ప్రశ్నకు ముందు "ఇది ఆగిపోయినచో ఏమగును?" అను ప్రశ్న వేసికొనవలెను.

గాలి ఎప్పుడు కావలెను?

చాకీ పురుగులకు 27–28 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి, 85–90 శాతము తేమ అనుకూలము. పురుగు పెరిగిన కొలది ఈ రెండును తగ్గవలెను. నాలుగు, ఐదు దశలలో 24–26 డిగ్రీలు, 70–75 శాతము తేమ చాలును. పురుగు తన జీవితమంతటిలో తిను ఆకులో నూటికి ఎనుబది వంతులకు పైగా ఐదవ దశలోనే తినును. ఆ ఆకులోని నీరు, రెట్టలోని తేమ, దాని నుండి పుట్టు చెడుగాలి షెడ్డులో నిలిచిపోరాదు. జ్వర సమయమున పడక పొడిగా ఉండుటకు గాలి తప్పనిసరి. తేమ నిలిచిన షెడ్డులో పురుగు చచ్చి సున్నపుముక్కవలె గట్టిపడు సున్నపుకట్టు రోగము సులభముగా వ్యాపించును.

కాని బయటిగాలి లోపలి గాలి కంటె చల్లగా ఉన్నప్పుడే కిటికీ తెరచుట వలన షెడ్డు చల్లబడును. బయట 38 డిగ్రీలున్నప్పుడు కిటికీలన్నియు తెరచిన యెడల వేడిని లోనికి పిలిచినట్లగును. వేసవిలో రాత్రి, తెల్లవారుజామున పూర్తిగా తెరచి, ఎండవేళ చాలవరకు మూసి, తడిపిన గోనెపట్టాలు వ్రేలాడదీయవలెను. చాలవరకు అనుటకు కారణము గలదు: గోడ పైభాగమున ఉన్న చిన్న గవాక్షములకు మోటారు తగిలింపరాదు. వల బిగించి వాటిని ఎల్లప్పుడును తెరచియే ఉంచవలెను. ఏ యంత్రము చెడినను ఈ దారిన కొంత గాలి ఆడుచుండును.

తలుపు, పట్టా, తాడు

ఊజీ ఈగను అడ్డగించు నైలాను వల కిటికీ బయటి వైపున కదలకుండ బిగించి ఉండవలెను. 1980లో కర్ణాటకలో బయటపడిన నాటి నుండి ఈ ఈగ పట్టు రైతునకు పెద్ద శత్రువు. జరుగుడు తలుపు వలకు లోపలి వైపున, దాదాపు 5 సెంటీమీటర్ల ఎడముతో నడువవలెను. తలుపు వలకు రాసుకొని చిన్న చిరుగు పడినను ఈగకు అదియే ద్వారము.

తలుపును క్రింది పట్టాపై నడుపుట కంటె పైపట్టా నుండి చక్రములపై వ్రేలాడదీయుట మేలు. క్రింది పట్టాలో ఆకు తునకలు, జ్వరమప్పుడు చల్లిన సున్నపు పొడి చేరి చక్రములు పట్టివేయును. క్రింద తలుపు ఊగకుండ ఒక గాడి ఉన్న చాలును. ఒక వైపు నున్న నాలుగు తలుపులను 3 మిల్లీమీటర్ల ఉక్కు తీగ తాడుకు బిగింపవలెను. షెడ్డు ఒక చివర మోటారు డ్రమ్ము, మరొక చివర కప్పీ ఉండును. తాడు కప్పీని చుట్టి వచ్చి, దాని రెండు కొసలు డ్రమ్ముకే కట్టబడును. డ్రమ్ము తిరిగినప్పుడు ఒక కొస చుట్టుకొనును, రెండవది విడివడును. తలుపులన్నిటిని తాడు యొక్క ఒకే వరుసకు బిగించిన యెడల అన్నియు ఒకే దిక్కునకు జరుగును. తాడు సాగినప్పుడు బిగించుటకు మధ్యన ఒక బిగింపు మర ఉంచవలెను.

షెడ్డు శుద్ధికి వాడు 2 శాతము బ్లీచింగు పౌడరు, 0.3 శాతము సున్నము కలిపిన ద్రావణము ఇనుమును తినివేయును. కాబట్టి తుప్పుపట్టని ఉక్కు తాడునే కొనవలెను. శుద్ధి చేయు దినమున మోటారు, స్విచ్చీలను ప్లాస్టిక్ గుడ్డతో కప్పవలెను. మోటారును, గ్రీజు పూసిన భాగములను పడకలకు సరిగా పైన ఉంచరాదు.

మోటారు బలము ఎంత?

బజారున "ఎంత పెద్దదైన అంత మంచిది" అని చెప్పుదురు. అది సరికాదు. తలుపు ఇరుక్కొనినప్పుడు పెద్ద మోటారు ఆగదు. తాడు త్రెంచును, చట్రము వంచును, చేయి అడ్డుపడిన నలుగగొట్టును. లెక్క వేసి తగినంతదే కొనవలెను.

ఒక ఉదాహరణ తీసికొందము. తలుపు వెడల్పు 1.2 మీటర్లు, ఎత్తు 1 మీటరు. ఇట్టివి నాలుగు. తాడు కొసకు కొక్కెపు త్రాసు తగిలించి మెల్లగా లాగవలెను. త్రాసు 8 కిలోలు చూపినదనుకొందము. ఇది గాలి లేని వేళ లెక్క. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో వీచు గాలి చదరపు మీటరునకు సుమారు 6 కిలోల ఒత్తిడి కలిగించును. నాలుగు తలుపుల వైశాల్యము 4.8 చదరపు మీటర్లు. ఒత్తిడి సుమారు 29 కిలోలు. తలుపులు గాడికి అదుముకొనుటచే అందులో మూడవ వంతు, అనగా 10 కిలోలు, రాపిడిగా లెక్కింపవచ్చును. మొత్తము 18 కిలోలు. దుమ్ము, తుప్పు వీటికై కొంత చేర్చి 25 కిలోలు అనుకొందము.

డ్రమ్ము వ్యాసము 5 సెంటీమీటర్లైన, మధ్య నుండి అంచునకు 2.5 సెంటీమీటర్లు. 25ను 2.5తో గుణించిన 62.5 కిలో–సెంటీమీటర్ల త్రిప్పుడు బలము కావలెను. 80 నుండి 100 కిలో–సెంటీమీటర్ల గేరు మోటారు సరిపోవును. డ్రమ్ము ఒక చుట్టునకు తాడు 15.7 సెంటీమీటర్లు జరుగును, 1.2 మీటర్లు జరుగుటకు ఎనిమిది చుట్లకు కొంచెము తక్కువ. నిమిషమునకు 8 చుట్లు తిరుగు మోటారు కిటికీలను దాదాపు ఒక నిమిషములో తెరచును. అంతకంటె త్వరపడ నవసరము లేదు.

ఇంత మెల్లగా జరుగు పనికి శక్తి స్వల్పమే. 25 కిలోల లాగుడుతో నిమిషమునకు 1.2 మీటర్లు జరుపుటకు 5 వాట్లు చాలును. గేరులోను, మోటారులోను పోవు నష్టములు కలిపి 40 వాట్ల, 12 వోల్టుల మోటారు తీసికొనిన నిశ్చింతగా ఉండవచ్చును. నాలుగు తలుపులకు గుర్రపు శక్తి మోటారు వాడుట దండుగ.

ఎక్కడ ఆగవలెను?

తలుపు పూర్తిగా తెరచుకొనిన చోట ఒకటి, మూసుకొనిన చోట ఒకటి హద్దు స్విచ్చి ఉండవలెను. తలుపు తగులగానే ఇవి మోటారును ఆపును. స్విచ్చి చెడినచో తలుపు పట్టా దాటకుండ దానికి వెనుక ఇనుప అడ్డు ఉండవలెను. ఇవి గాక, మోటారుకు భారము మించినప్పుడు కరెంటును తెంచు సాధనము తప్పక ఉండవలెను. దీనిని పరీక్షించుటకు తలుపు దారిలో ఒక చెక్క దిమ్మె ఉంచి మీట నొక్కవలెను. దిమ్మె తగులగానే మోటారు ఆగినచో మంచిది. ఆగక ఇంకను లాగుచున్న యెడల సరిచేయువరకు వాడరాదు. ఈ పరీక్షకు ఎన్నడును చేయి వాడకూడదు. పిల్లలు తిరుగు షెడ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరము.

కరెంటు పోయినప్పుడు

మోటారు నేరుగా ఇంటి కరెంటుతో గాక బ్యాటరీతో నడువవలెను. కరెంటు పని బ్యాటరీని నింపుట మాత్రమే. 40 వాట్ల మోటారు 12 వోల్టుల వద్ద 3.3 ఆంపియర్లు తీసికొనును. దినమునకు ఇరువది సార్లు, ఒక్కొక్కసారి ఒక నిమిషము చొప్పున నడచినను 1.1 ఆంపియర్–గంటలే ఖర్చగును. 7 ఆంపియర్–గంటల చిన్న బ్యాటరీలో సగమే వాడినను మూడు దినములు నడచును. తడి నేలపై 230 వోల్టుల తీగలు లేకుండుట ఇంకొక లాభము.

బ్యాటరీయు చెడవచ్చును. అందుచేత డ్రమ్మును గేరు ఇరుసుకు కలుపు చోట చేతితో లాగి తీయదగిన చీల ఉండవలెను. మోటారుకు వాడు వర్ము గేరు, మోటారు త్రిప్పినగాని తిరుగదు. డ్రమ్ము వైపు నుండి ఎంత లాగినను కదలదు. నేను చెప్పిన రైతు షెడ్డులో జరిగినది ఇదియే. చీల తీసినచో డ్రమ్ము వదులై తలుపులు చేతితోనే జరుగును. చీలకు ఎర్రరంగు వేసి, చేతి కందు ఎత్తున ఉంచి, ఇంటిలోని స్త్రీలకు, పెద్దపిల్లలకు తీయు విధము నేర్పవలెను. కరెంటు పోయినప్పుడు షెడ్డు వద్ద ఎవరుందురో ముందు తెలియదు గదా!

తానంతట తాను తెరచుకొను ఏర్పాటు

వేడిమిని బట్టి మోటారును నడుపు స్విచ్చీలు దొరకుచున్నవి. ఐనను మొదట ఒక పంట కాలము మీటతోనే నడిపి, తలుపుల తీరు తెలిసికొనిన తరువాత దీనిని పెట్టుకొనుట మంచిది. లోపలి వేడిని మాత్రమే చూచు స్విచ్చి మిట్టమధ్యాహ్నము వడగాలికి కిటికీలు తెరచును. లోపల, బయట రెండు చోట్ల వేడిమిని కొలచి, బయట చల్లగా ఉన్నప్పుడే తెరచు రకము తీసికొనవలెను. లోపలి కొలత సాధనము గోడకు గాక, పడకల ఎత్తున, ఎండ తగలని చోట ఉండవలెను.

పంటకు ముందు పరీక్ష

పురుగులను షెడ్డులోనికి తెచ్చుటకు ముందు ప్రతి పంటకు ఈ ఐదు పనులు చేయవలెను.

1. కొక్కెపు త్రాసుతో తాడు లాగి చూచుట. గత పంట కంటె బరువు పెరిగినచో పట్టా, చక్రములు శుభ్రపరచవలెను.
2. చెక్క దిమ్మె పరీక్ష.
3. కరెంటు మీట ఆపి, బ్యాటరీతో పదిసార్లు తెరచి మూయుట.
4. ఎర్ర చీల తీసి చేతితో తలుపులు జరుపుట.
5. వల అంతటను చిరుగులు వెదకుట.

ఈ పరీక్షకు అరగంట చాలును. గ్రామస్థాయి ఉద్యోగులు షెడ్లు చూడబోయినప్పుడు మోటారు ఖరీదు, కంపెనీ పేరు అడుగుటకు ముందు, "చీల ఏది? ఎవరికి తీయుట తెలియును?" అని అడిగి, తమ కళ్లెదుట తీయించి చూడవలెను.

పంట చేతికి వచ్చుటకు నెల నాళ్లు ఇంటిల్లిపాదియు నిద్ర మాని చేసిన కష్టము ఒక్క మధ్యాహ్నములో పోగొట్టుకొనరాదు. మోటారు రైతునకు పాలేరు వంటిది. పని చేయించుకొనవలెను గాని, షెడ్డు తాళపు చెవి దాని చేతిలోనే విడువరాదు.