రంగు క్రింది రేకు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారి సూర్యాపేట, కోదాడలమీదుగా సాగుచున్నది. నార్కట్‌పల్లినుండి అద్దంకికి పోవు రహదారి మిర్యాలగూడను దాటుచున్నది. ఈ మార్గముల ప్రక్కనుండు షెడ్లలోని సుత్తిమ్రోత, వెల్డింగు మెఱుపు, రంగు వాసన మన విద్యార్థులకు క్రొత్తవి కావు. అట్టి చోట నొక పాత అంబాసిడరు కారు కనబడినచో దారిని పోవువారు నిలిచి చూతురు. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినది గనుక, ఉన్నవానిని కాపాడుకొనుటయే మిగిలినది. పాత కారు బాడీని బాగుచేయు క్రమమెట్టిదో, అందు మార్పదగిన దేదియో, మార్పరాని దేదియో ఈ పాఠమున విచారింతము.

1. రెండు విధముల నిర్మాణము

ముందుగా లారీని చూడుడు. కర్మాగారమునుండి ఛాసీ, అనగా బలమైన ఉక్కు దూలముల పీఠము, ఇంజనుతోను చక్రములతోను వచ్చును. దానిపై తొట్టిని విజయవాడ ఆటోనగరువంటి చోట్ల పనివారు కట్టుదురు. బరువును ముఖ్యముగా మోయునది పీఠము. తొలికాలపు కార్లును ఇట్టివే. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొఱకు కోరబడిన 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు కారు ఇందుకు నిదర్శనము. పీఠమును ఇంజనును ఒక సంస్థ చేయగా, పై బాడీని లండనులోని బార్కరు సంస్థ కట్టెను. పసుపుపచ్చని ఆ కారును హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున చూడవచ్చును. కొనువారి యభిరుచి ననుసరించి బాడీ కట్టుట ఆ దినములలో వాడుక.

అంబాసిడరు నిర్మాణము వేఱు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ననుసరించి హిందూస్థాన్ మోటార్సువారు దీనిని పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో చేసిరి. దీనికి ప్రత్యేకమైన పీఠము లేదు. నేలరేకు, తలుపుల క్రిందనుండు పెట్టెవంటి అంచులు, స్తంభములు, పైకప్పు ఒక్క గూడుగా అతుకబడి బరువు మోయుచున్నవి. కోడిగ్రుడ్డు పెంకు పలుచనిదయ్యు ఆకారబలముచే నిలుచునట్లు, ఈ పలుచని రేకులును కూడి యుండుటచే నిలుచును. కావున అంచురేకు తుప్పుపట్టినచో చెడునది అందము మాత్రమే కాదు. కారు ఎముకయే చెడినట్లు.

2. తుప్పు పట్టుట

ఇనుము నీటితోను గాలిలోని ఆమ్లజనితోను కలియుటచే తుప్పు పుట్టును. అది మూలలోహముకంటె ఎక్కువ చోటు నాక్రమించును. అందుచేతనే రంగు పొక్కి లేచును. పైన చిన్న పొక్కు కనబడునప్పటికి లోపల పెద్ద భాగము చెడియుండవచ్చును.

విద్యార్థులారా, దీనిని మీరే పరీక్షింపవచ్చును. మూడు గాజు సీసాలలో మూడు మేకుల నుంచుడు. మొదటిదానిలో మేకు సగము మునుగునట్లు నీరు పోయుడు. రెండవదానిలో కాచి చల్లార్చిన నీటిని నిండుగా పోసి, మీద నూనె వేసి మూత బిగింపుడు. మూడవది పొడిగానుంచి మూయుడు. వారము దినములకు మొదటి మేకు బాగుగా తుప్పుపట్టును. తక్కిన రెంటికి మార్పు మిక్కిలి తక్కువ. తడియు గాలియు కలిసి నిలుచుచోటనే చేటు కలదని దీనివలన తేలును.

కారులో అట్టి చోట్లు ఇవి: కాళ్లక్రింది పట్టాల అడుగు, నీరు పోవు రంధ్రములు మూసికొనిపోయిన తలుపుల అడుగుభాగము, డిక్కీలో స్టెప్నీ క్రింద, మడ్గార్డుల మడతలు, ముందు అద్దపు రబ్బరు చుట్టు.

3. పని క్రమము

మొదట కారు నలుప్రక్కల ఛాయాచిత్రములు తీసి, విప్పిన ప్రతి భాగమునకు చీటీ కట్టవలెను. అంబాసిడరు ముందు జాలి కాలక్రమమున మాఱుచు వచ్చినది గనుక తమ కారు ఏ నమూనాదో ముందే నిశ్చయించుకొనవలెను. వెల్డింగునకు పూర్వము బ్యాటరీ తీగ విప్పి, పెట్రోలు ట్యాంకును కారునుండి తీసివేసి దూరముగా నుంచవలెను. ఖాళీ ట్యాంకులోని ఆవిరియు అంటుకొనునని మఱవరాదు.

తలుపుల క్రింది అంచును కోయుటకు ముందు తలుపు సందున అడ్డుకడ్డీలు అతికి, క్రింద ఆధారము నిలుపవలెను. లేనిచో గూడు క్రుంగి, తరువాత తలుపులు సరిగా పడవు. చెడిన రేకును గట్టిరేకు కనబడువఱకు కోసి, అదే మందముగల క్రొత్త రేకును అతుకవలెను. ఒకే గీతగా అతికినచో వేడిమికి రేకు వంకరపోవును. అక్కడక్కడ చుక్కలుగా అతికి, చల్లారనిచ్చి, నడుమ భాగములను పిమ్మట పూరింపవలెను.

సొట్టలు తీయునప్పుడు రేకు వెనుక ఇనుప దిమ్మను దాపుగా పట్టి, అంచునుండి లోపలికి మెల్లగా సుత్తితో కొట్టుదురు. దెబ్బకు రేకు సాగియున్నచో ఆ చోటును ఎఱ్ఱగా కాల్చి తడిగుడ్డతో చల్లార్చుదురు, అప్పుడది ముడుచుకొనును. పైపై తుప్పును గీకివేసి ఫాస్ఫారిక్ ఆమ్లము పూసినచో మిగిలినది ఐరన్ ఫాస్ఫేటుగా మాఱును. రంధ్రము పడిన రేకునకు ఇది మందు కాదు.

ఆ తరువాతనే లప్పము. దాని పని చిన్న పల్లములను సమము చేయుట మాత్రమే. మూడు మిల్లీమీటర్లకు మించి లప్పము పట్టునంతటి పల్లమున్నచో సుత్తిపని ఇంకను మిగిలియున్నదని యర్థము. లప్పము తడిని పీల్చును గనుక ప్రైమరు లేకుండ వదలరాదు. వానకాలమున ఎన్.సి. రంగు కొట్టినచో, ద్రావకము ఆవిరియగునప్పటి చల్లదనమునకు గాలిలోని తేమ దిగి రంగు పాలవలె తెల్లబాఱును. పొడి దినములే మేలు.

పనివారి ఆరోగ్యమును తలపవలెను. పాత రంగులలో సీసపు సమ్మేళనములు ఉండవచ్చును. కనుక తడిపి రుద్దవలెను, ఆ బురదను జాగ్రత్తగా ఎత్తివేయవలెను. గట్టిపఱచు ద్రవము కలిపి కొట్టు నేటి రంగులలో ఉండు ఐసోసయనేటులు ఉబ్బసమును కలిగింపగలవు. ముక్కునకు చేతిగుడ్డ కట్టుకొన్నంతమాత్రమున అవి ఆగవు. తగిన శ్వాసరక్షణ కావలెను. షెడ్డులో పని నేర్చుకొనుచున్న పిల్లవానికి సుత్తి నిచ్చుటకు ముందు ఈ సంగతి చెప్పవలెను.

4. మార్పదగినవి, మార్పరానివి

సీట్ల గుడ్డ, లోపలి అలంకరణ మొదలగువానిని యజమాని తన యిష్టము చొప్పున మార్చుకొనవచ్చును. రంగు రిజిస్ట్రేషనులో వ్రాయబడి యుండును గనుక, మార్చినచో రవాణా కార్యాలయమున తెలిపి నమోదు చేయించుకొనవలెను. పైకప్పు కోయుట, గూడు పొడిగించుట వేఱు సంగతి. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము అట్టి మార్పులను కట్టడి చేయుచున్నది. తయారీదారుని నిర్దేశములకు భిన్నముగా నిర్మాణమును మార్చరాదని సుప్రీముకోర్టు 2019 జనవరిలో చెప్పినది. ముందు బిగించు ఉక్కుకమ్ముల కాపుపై చర్య తీసికొనుమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రములకు వ్రాసినది. పాదచారికి ఆ కమ్ములు కలిగించు గాయము ఘోరమైనది.

ఏబది యేండ్లు దాటిన వాహనములకు 2021 జూలైలో ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. వాని సంఖ్యలో వి.ఎ. అను అక్షరములుండును. ఛాసీ, బాడీ గూడు, ఇంజను గణనీయముగా మార్పబడక మూలరూపమున నున్న బండికే ఆ గుర్తింపు లభించును. కనుక తొందరపడి కోసినవాడు తరువాత పొందదగిన గౌరవమును తానే పోగొట్టుకొనును.

5. తల్లిదండ్రులకు ఒక మాట

పాత కారు కొనువారు రంగు మెఱుపును చూచి సంతసింతురు. కాని చెడిన అంచులో గుడ్డపీలికలు క్రుక్కి, పైన లప్పము మెత్తి, నిగనిగలాడు రంగు కొట్టిన కారును అమ్మువారును కలరు. అట్టి కారు గుద్దుకొన్నప్పుడు గూడు నలిగిపోవును. లోపలివారిని కాపాడుటకు రేకు ఉండదు. ఇట్టి మోసమునకు లోబడకుండుటకు చిన్న ఉపాయము కలదు. పలుచని గుడ్డలో చుట్టిన అయస్కాంతమును తలుపుల క్రింది అంచుల వెంట నడుపుడు. ఇనుమున్న చోట అది పట్టుకొనును. లప్పము మందముగానున్న చోట జాఱిపోవును. పట్టాను ఎత్తి నేలరేకును వ్రేలితో నొక్కి చూడుడు. పని జరుగుచుండగా తీసిన ఛాయాచిత్రములను అడుగుడు. మంచి పనివాడు వానిని సంతోషముగా చూపును.

ఈ పనిని వృత్తిగా గైకొనదలచిన విద్యార్థులు లప్పము పట్టుటకు ముందే యజమానిని పిలిచి, అతికిన రేకును అతని కంటికి చూపు అలవాటు చేసికొందురు గాక. రంగు పడిన తరువాత ఆ రేకును ఎవ్వరును చూడలేరు. దానిలో ప్రయాణము చేయువారు మాత్రము దానినే నమ్మి కూర్చుందురు.