బడి మాన్పించకండి, బయటికి దారి చూపండి

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. కుదురుగా కూర్చోడనీ, రాతలో వెనకబడ్డాడనీ డైరీలో రోజూ రాసి పంపుతున్నారు. ఆరుబయట చదువు చెప్పే బడికి మారుద్దామంటే, అలా తిరిగితే పది ఎలా పాసవుతాడని మావారు అడుగుతున్నారు. ఏం చెయ్యమంటారు?
- ఒక తల్లి, పుదుచ్చేరి

జవాబు: అమ్మా, ఏడేళ్ల పిల్లాడు గంటల తరబడి బెంచీ మీద కదలకుండా కూర్చోలేకపోవడం ఆ వయసు లక్షణం. పిల్లాణ్ణి బట్టి చదువు ఉండాలన్న ఆలోచనకు మీ ఊరే చిరునామా. అరవిందులు 1910 నాటికే 'కర్మయోగిన్' పత్రికలో, చదువు దగ్గరున్న దానితో మొదలై దూరానికి సాగాలని వాదించారు. 1943 డిసెంబరు 2న, మీ ఊళ్లోని అరవిందుల ఆశ్రమాన్ని నడిపిన శ్రీమాత ఇరవై మంది పిల్లలతో అక్కడ బడి తెరిచారు. ఈనాటి శ్రీ అరవిందో అంతర్జాతీయ విద్యాకేంద్రం అదే. అక్కడ ఆటలు, వ్యాయామం చదువులో భాగం. డిగ్రీలు, పట్టాలు ఇవ్వరు. అరవిందులు చెప్పినట్టు దగ్గరున్న వాటితో మొదలుపెట్టండి; మీకు దగ్గరున్నవంటే బొటానికల్ గార్డెన్, సముద్రతీరం, చేపల బజారు. పెరట్లో ఒక కర్ర పాతి, పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, మళ్లీ మూడుకు దాని నీడను స్కేలుతో కొలిపించండి. ఏ నీడ ఎంత పొడవో నోటుబుక్కులో రాయించి, తేడా తీయించండి. కొలత, తీసివేత, సూర్యుడి నడక, రాత, అన్నీ ఆ ఒక్క పేజీలో ఉంటాయి. రాయించడం మాత్రం మరవకండి. ఆ పని లేకపోతే మిగిలేది ఉత్త షికారే, అప్పుడు మీవారి భయం నిజమవుతుంది.

ఇక పది సంగతి. బడి ఏదైనా, పద్నాలుగేళ్లు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు; దానికి ప్రభుత్వ గుర్తింపు ఉంది. చేసి చూసి, వెతికి నేర్చుకునేలా చదువు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతోంది కాబట్టి, ఇప్పుడున్న బడిని కూడా మీరు నిస్సంకోచంగా అడగవచ్చు. ఎండలో తిరిగితే పాడైపోతాడనేవాళ్లకు ఒక మాట: చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ అదనంగా పెడితే, మూడేళ్లలో హ్రస్వదృష్టి వచ్చినవారు 30 శాతం, పెట్టని బళ్లలో దాదాపు 40 శాతం. మన ఎండకు పొద్దున, సాయంత్రం వేళలు చాలు.

వెంటనే బడి మార్చమని నేను చెప్పను. ముందు బాబు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి; రాత వెనకబాటుకు కారణం అక్కడ ఉండవచ్చు. తర్వాత టీచరును కలిసి, వారానికి ఒక పూటైనా పాఠం బయట చెప్పమని కోరండి. మరో నలుగురు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లండి. కాదంటే, అప్పుడు బడి మార్చే సంగతి మీవారితో కలిసి ఆలోచించండి.