లేచి, నడిచి వచ్చి, కూర్చునేలోపు

మదురై మాట్టుతావణి బస్టాండులో బస్సెక్కే పెద్దవాళ్లను కాసేపు గమనించండి. ఒకాయన కడ్డీ పట్టుకుని చకచకా ఎక్కేస్తాడు. ఇంకొకాయన కుడికాలు మెట్టు మీద పెట్టి, ఎడమకాలిని దాని పక్కకు లాక్కుని, వెనకవాళ్లు తోసుకొస్తుంటే ఒక్క క్షణం తూలుతాడు. ఇద్దరికీ డెబ్బయ్యే ఉండొచ్చు. ఎవరు పడే అవకాశం ఎక్కువో వయసు కన్నా నడకే బాగా చెబుతుంది. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. మదురై, కోయంబత్తూరు తెలుగు ఇళ్లలో అవ్వాతాతలను చూసుకునేవాళ్లు ఇంట్లోనే చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి.

చేయవలసినవి

ముందు మూడు ప్రశ్నలు. ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డావా? నిలబడినా నడిచినా తూలినట్టుంటుందా? పడతానేమోనని భయమా? ఇంటి తెలుగులోనే, నలుగురూ లేనప్పుడు అడగండి. ఆస్పత్రిలో డాక్టరు తమిళంలో అడిగితే ‘ఏమీ లేదు’ అని తేల్చేసిన తాత, ఇంట్లో అడిగితే స్నానాల గదిలో గోడ పట్టుకుని నడుస్తున్న సంగతి బయటపెడతాడు. ఒక్కదానికి ‘అవును’ అన్నా నడక చూడాల్సిందే.

చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. అక్కడినుంచి 3 మీటర్ల దూరంలో సుద్దతో గీత గీయండి. ‘అవ్వా, లేచి ఆ గీత దాకా రోజూ నడిచినట్టే నడిచి, తిరిగొచ్చి కూర్చో’ అనండి. చేతికర్ర వాడే అలవాటుంటే కర్రతోనే, చెప్పులతో తిరిగేవాళ్లయితే చెప్పులతోనే. ‘లే’ అన్న క్షణం నుంచి కూర్చునేదాకా సమయం చూడండి. 1986లో ఈ పరీక్షను కంటితో చూసి మార్కులు వేసేవారు. 1991లో పొడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే పరిశోధకులు దానికి గడియారం జోడించారు. 12 సెకన్లు, అంతకు మించి పడితే ప్రమాదం ఉన్నట్టే అని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం కొలమానం.

నన్నడిగితే సెకన్ల కన్నా గీత దగ్గర తిరిగే తీరే ముఖ్యం. రెండుమూడు అడుగుల్లో తిరిగిందా, చిన్నచిన్న అడుగులు ఏడెనిమిది వేసిందా? గోడకేసి చెయ్యి చాపిందా? నడిచేటప్పుడు చేతులు ఊగుతున్నాయా? లేచేటప్పుడు తొడల మీద చేతులు మోపి రెండుసార్లు ఊగి లేచిందా? కూర్చునేటప్పుడు ధబ్బున కూలబడిందా? ఇవన్నీ కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి.

నిలబడడంలో పట్టు చూడటానికి నాలుగు నిలకడలు, ఒక్కోటి 10 సెకన్లు. పాదాలు రెండూ పక్కపక్కనే ఆనించి. ఒక పాదం లోపలి వంపు రెండో కాలి బొటనవేలికి తగిలేలా. ముందు పాదం మడమకు వెనక పాదం వేళ్లు తగిలేలా వరసగా. చివరికి ఒంటికాలి మీద. మూడోది 10 సెకన్లు నిలవకపోతే జాగ్రత్త పడాలి.

లేవగానే బీపీ తగ్గినా తూలతారు, అందుకే బీపీ కూడా చూడండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడాలి. చూపు మసకైనా తూలతారు కాబట్టి, కంటి శుక్లం ఉంటే ఆపరేషన్ వాయిదా వేయొద్దు. 1976 నుంచీ అరవింద్ కంటి ఆస్పత్రి మదురైలోనే ఉంది. ఆస్పత్రికి వెళ్లలేనివాళ్లకు, 2021లో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద ఇంటికే వచ్చి ఫిజియోథెరపీ చేస్తారు.

చేయకూడనివి

ఎదురుగా నిలబడి చేతులు పట్టి లాగొద్దు. పక్కన, అర అడుగు వెనగ్గా, బలం తక్కువున్న వైపు నడవండి. జారిపోయే ప్లాస్టిక్ కుర్చీ వద్దు. కళ్లాపి చల్లిన వాకిలి వద్దు, తడికాళ్లు వద్దు. కళ్లు మూయించి నిలబెట్టడం ఫిజియోథెరపిస్టు దగ్గరే చేయించాలి. ‘ఏదీ, ఇంకా వేగంగా!’ అని పిల్లల చేత పందెం కట్టించొద్దు.

సమయం చూస్తూ కబుర్లు చెప్పొద్దు. విడిగా మాత్రం ఒకటి గమనించండి: నడుస్తుండగా ఏదైనా అడిగితే, జవాబు చెప్పడానికి ఆగిపోతున్నారా? అలా ఆగేవాళ్లే తర్వాత ఎక్కువగా పడుతున్నారని 1997లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. అందుకే నున్నటి హాల్లో 10 సెకన్లు వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు. మాట్టుతావణి పూల మార్కెట్లో కింద తడి, కాళ్ల కింద నలిగిన ఆకులు, చేతిలో సంచి, మల్లెపూల బేరం అన్నీ ఒకేసారి ఉంటాయి. అక్కడికి ఇంకొకరు తోడుండాలి.

ఫలితం బాగా రాలేదని మంచానికి కట్టిపడేయొద్దు. నడక మానిపిస్తే కాళ్లలో ఉన్న కాస్త బలమూ పోతుంది. బీపీ, నిద్ర మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా, ఒకవైపు కాలు హఠాత్తుగా ఈడుస్తున్నా పరీక్షలు పెట్టుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

అటక మీది ముత్తాత కర్రను దులిపి చేతికివ్వొద్దు. చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చేతులు వదిలేసినప్పుడు మణికట్టు మడత ఎక్కడుంటుందో కర్ర పిడి అక్కడుండాలి. అడుగున రబ్బరు బిళ్ల అరిగిపోతే మార్చాలి. మోకాలు నొప్పి కుడివైపైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి.