ఒకే పేరు – అనువాదంలో చిక్కులు

నందికొట్కూరు ప్రాంతంలో ఏ ఊరి బడి హాజరుపట్టీ తెరిచినా మద్దిలేటి అనే పేరు గలవారు ఇద్దరో ముగ్గురో, సుంకన్నలు ఒకరిద్దరు, ఒక దస్తగిరి కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. ఇటువంటి ఒకే పేరు వారిని ఆంగ్లంలో ‘నేమ్‌సేక్’ అంటారు. ఈ మాటను తెలుగు చేయవలసి వచ్చినప్పుడు విద్యార్థులు తరచుగా తడబడతారు. ‘ఒకే పేరు గలవాడు’ అని అన్నిచోట్లా రాస్తే కొన్నిచోట్ల అర్థం కుదురుతుంది, మరికొన్నిచోట్ల చెడుతుంది.

ఆంగ్లపదం రెండు వేర్వేరు సంబంధాలను తెలుపుతుంది. ఇద్దరి పేర్లు అనుకోకుండా కలియడం ఒకటి. ఒకరి పేరును కోరి మరొకరికి పెట్టడం రెండవది. ఈ రెండవదానిని మనం నామవాచకంతో కాక క్రియతో చెబుతాం: ‘తాత పేరు పెట్టుకొన్నాడు’, ‘అవ్వ పేరు నిలిపింది’. డేనిష్ భాషలోనూ ఇటువంటి విభజన ఉంది. పేరు కలిసిన వారిని వారు ‘పేరు సోదరుడు’, ‘పేరు సోదరి’ అనే అర్థం వచ్చే మాటలతో పిలుస్తారు; ఒకరి పేరు మరొకరికి పెట్టడాన్ని వేరొక క్రియతో చెబుతారు.

దీనికి మన సీమలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. సర్ థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. తరువాత మద్రాసు గవర్నరై, 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించాడు. ఆయనపై అభిమానంతో ఈ ప్రాంత ప్రజలు తమ పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకొన్నారు. స్కాట్లండు ఇంటిపేరుకు ‘అప్ప’, ‘అమ్మ’ చేరి అచ్చమైన సీమపేర్లయినవి! మన్రోలప్పను ‘మన్రో పేరు గలవాడు’ అంటే చాలదు. ‘మన్రో పేరు పెట్టుకొన్నవాడు’ అనాలి. లేకపోతే ఆ పేరు వెనుకనున్న కృతజ్ఞత అనువాదంలో జారిపోతుంది. ఊరిలోని మద్దిలేటిల సంగతి వేరు. వారు ఒకరి పేరు మరొకరు పెట్టుకొన్నవారు కారు. అందరూ మద్దిలేటి నరసింహస్వామి పేరు పెట్టుకొన్నవారే.

భారతీయాంగ్లంలో మరొక చిక్కు ఉంది. ‘ఫర్ నేమ్ సేక్’ అని మనవారు తరచుగా అంటారు. దానికి ‘పేరుకు మాత్రమే’, ‘నామమాత్రంగా’ అని అర్థం. ‘ఆయన ఫర్ నేమ్ సేక్ అధ్యక్షుడు’ అన్న వాక్యంలో పేరు కలిసిన రెండవ మనిషి ఎవరూ లేరు.

ఈ తేడాలు పరీక్షలో మార్కులకే పరిమితం కావు. ఒక భూమి తగాదా పత్రంలో ‘సంతకం చేసినది హక్కుదారు కాదు, అతని నేమ్‌సేక్’ అని ఉన్నదనుకోండి. దానిని ‘అతని పేరు పెట్టుకొన్నవాడు’ అని అనువదిస్తే, చదివేవారు అతనిని మనుమడనుకొంటారు; లేని వారసత్వం పుట్టుకొస్తుంది. ‘అదే పేరు గల వేరొక వ్యక్తి’ అని రాయాలి. ఇక్కడ ‘వేరొక’ అన్న మాటే ప్రాణం. మన దస్తావేజులలో పేరుతోపాటు ఇంటిపేరు, తండ్రిపేరు, నివాసం రాయడం ఈ పొరపాటుకు తావివ్వకుండా ఉండడానికే. ఎన్నికలలోనూ ఒకే పేరు అభ్యర్థులు ఓటరును తికమక పెడుతుండడంతో, 2015 మే నుండి బ్యాలెట్ పత్రంపై పేరు పక్కన అభ్యర్థి ఛాయాచిత్రం కూడా ముద్రించాలని ఎన్నికల సంఘం ఆదేశించింది.