తొట్టి అరటికి లోతు కన్నా వెడల్పు ముఖ్యం

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురంలో అరటి పండుతుందంటే బయటివాళ్లు ఓ పట్టాన నమ్మరు. పుట్లూరు, నార్పల, తాడిపత్రి వైపు రైతులు డ్రిప్పు పెట్టి జీ-9 రకాన్ని పండించారు. 2020 జనవరిలో తాడిపత్రి స్టేషన్ నుంచి 980 టన్నుల కాయ శీతల కంటెయినర్లలో రైలెక్కి ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు, అక్కణ్నుంచి విదేశాలకు వెళ్లింది. ఆ జీ-9 టిష్యూకల్చర్ మొక్కనే వసారాలోనో కిటికీ పక్కనో పెంచుకోవాలనుకునేవారికి తొలకరి మంచి అదను. గాలిలో కాస్త తేమ ఉన్నప్పుడు తొట్టి మారిస్తే మొక్క త్వరగా నిలదొక్కుకుంటుంది.

అరటి వేర్లలో ఎక్కువ భాగం పైఅడుగు మట్టిలోనే ఉండి పక్కలకు పాకుతాయి. కాబట్టి సన్నగా పొడవుగా ఉన్న తొట్టి అందంగా కనిపించినా అరటికి పనికిరాదు. పైగా ఆకులు విచ్చుకున్నాక గాలికి ఒరిగిపోతుంది.

నీటి ఎద్దడి ఎరిగిన ఇంట్లో ఒకేసారి పెద్ద తొట్టి తెచ్చి నిండుగా నీళ్లు పోద్దామనిపించడం సహజం. చిన్న మొక్కకు ఆ పనే చేటు చేస్తుంది. వేర్లు అందుకోని మట్టి రోజుల తరబడి తడిగా ఉండి దుంప కుళ్లుతుంది. అయిదారు ఆకుల నర్సరీ మొక్కకు మొదట 10 అంగుళాల తొట్టి చాలు. అందులో సుమారు 12 లీటర్ల మట్టి పడుతుంది. ఆ తర్వాత 16 అంగుళాలది, చివరికి రెండడుగుల వెడల్పుది.

ఎప్పుడు మార్చాలో మొక్కే చెబుతుంది. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికే ఇంకిపోయి, ఆకు రెండు రెక్కలూ నడిమి ఈనె వెంట కిందికి ముడుచుకుంటుంటే తొట్టి ఇరుకైనట్టే. మొక్కను పక్కకు వంచి మెల్లగా బయటికి లాగి చూడాలి. మట్టిగడ్డ చుట్టూ తెల్లని వేర్లు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆలస్యం చేయకూడదు.

చివరి తొట్టికి 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగా రెండుగా కోయించడం అన్నిటికన్నా చౌక. ఒక్కో సగం దాదాపు రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు వస్తుంది. రసాయనాలు, పురుగుమందులు నింపిన డ్రమ్ము మాత్రం వద్దు. అడుగున ఎనిమిది పది రంధ్రాలు పెట్టించాలి. మట్టి తడిస్తే బరువు క్వింటాలు దాటుతుంది కనుక పాత బండల మిద్దె మీదికి ఎక్కించకుండా నేల మీదే ఉంచడం క్షేమం. కాల్చిన మట్టి తొట్టి గోడల గుండా కూడా నీటిని వదులుతుంది. నల్ల గ్రో బ్యాగు ఎండలో కాగి వేర్లను వేడెక్కిస్తుంది. ఈ సీమ ఎండలకు రెండూ అంతగా సరిపోవు.

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపితే సరి. పైన రెండంగుళాల మందాన శెనక్కాయ పొట్టు పరిస్తే తడి ఆరకుండా కాపాడుతుంది. చెదలు రాకుండా గుప్పెడు వేపపిండి చల్లాలి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే మట్టి మీద తెల్లని పొర కట్టి ఆకు అంచులు మాడతాయి. వాన నీరు పట్టి పెట్టుకుని, నెలకోసారి తొట్టి అడుగు నుంచి ధారాళంగా కారేదాకా పోస్తే ఆ ఉప్పు కొట్టుకుపోతుంది.

గది లోపలే ఉండే మొక్కకు 14 అంగుళాలు మించిన తొట్టి అక్కర్లేదు. వెలుతురు చాలని చోట ఎంత పెద్ద తొట్టి పెట్టినా గెల ఆశించలేం. తూర్పు కిటికీ దగ్గర ఆకు పచ్చగా, నిండుగా వస్తుంది, అంతే. ఎండ తగిలే వసారాలో డ్రమ్ములో పెరిగింది గెల వేస్తే, కోత తర్వాత తల్లి చెట్టును నరికి, ఒక్క సూది పిలకను ఉంచి మిగిలినవి తీసేయాలి. సగం మట్టి మార్చి కొత్త ఎరువు వేయాలి.