బ్రో అంటే తప్పేంటి బ్రదర్?

నోయిడాలో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో ఈమధ్య తరచూ వినిపించే తగువు ఒకటుంది. పదమూడేళ్ల కొడుకు తండ్రితో మాట్లాడుతూ 'నో బ్రో' అంటాడు. 'నేను నీకు బ్రోనా?' అని తండ్రి లేస్తాడు. అయ్యా, కాస్త ఆగండి. ఆ పిల్లాణ్ణి మీరు రోజూ 'నాన్నా, ఇలా రా' అని పిలుస్తూనే ఉన్నారు. కూతుర్ని 'ఏమ్మా' అంటున్నారు. వరసలు తారుమారయ్యాయని ఎవరైనా కేకలేశారా? పిలుపు వేరు, చుట్టరికం వేరు అని మనకి తెలుసు. వాడికీ తెలుసు. ఎన్టీఆర్ ఎదుటివాళ్లను 'బ్రదర్' అని పలకరిస్తే అందరూ మురిసిపోయారు. ఆ తర్వాతి కుర్రకారు 'గురూ' అంది, 'బాసూ' అంది. బ్రదర్‌కి తోక కత్తిరిస్తే బ్రో. కోపమంతా ఆ తోక గురించేనా?

'పూర్తి మాట పలకడానికి కూడా వీళ్లకి బద్ధకమే' అనేవాళ్లు తాముంటున్న ఊరి పేరు ఒకసారి చూసుకోవాలి. 1976లో ఏర్పాటైన న్యూ ఓఖ్లా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీని పొడి అక్షరాల్లోకి కుదిస్తే వచ్చినదే నోయిడా. ఇక ఇంగ్లీషు ముక్కలతో గొప్పలు పోవడమంటారా, 1892లో తొలిసారి రంగమెక్కిన 'కన్యాశుల్కం'లోనే గిరీశం ఆ విద్యలో ఆరితేరాడు. శిష్యుడు వెంకటేశం తండ్రి ముందు ఆ ముక్కలే ఒప్పజెప్పి నెగ్గుకొచ్చాడు. ఇప్పటి పిల్లలు కనిపెట్టిందేమీ లేదు, సరుకు మారిందంతే.

ఆ సరుకు సంగతికొద్దాం. 'రిజ్' అన్న మాటను ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2023 సంవత్సరపు మాటగా ఎంచుకున్నారు. కరిష్మా అని మనం అంటామే, దాని మధ్యముక్క అది. 2025లో డిక్షనరీ డాట్ కామ్ ఎంచుకున్నది ఏకంగా ఒక సంఖ్య, 67. దాన్ని 'సిక్స్ సెవెన్' అని పలకాలి. అర్థమేమిటని పిల్లల్ని అడగండి. నవ్వుతారే గాని చెప్పలేరు, ఎందుకంటే దానికి అర్థం లేకపోవడమే సరదా. ఇలాంటి మాటలు ఎదురైతే 'అదేంట్రా, కొంచెం చెప్పు' అని అడిగేయండి. పిల్లలు సంతోషంగా పాఠం చెబుతారు, అమ్మానాన్నలకు పాఠం చెప్పే అవకాశం వాళ్లకి రోజూ దొరకదు కదా. విన్నాక మాత్రం మర్నాడు మీరు ఆ మాట వాడకండి. పెద్దవాళ్లకి తెలియకుండా తమలో తాము మాట్లాడుకోవడానికే పిల్లలు ఆ మాటలు తెచ్చుకుంటారు. మీ నోట పడిన రోజున వాటిని వదిలేసి వేరేవి వెతుక్కుంటారు, ఈలోగా మిమ్మల్ని 'క్రింజ్', అంటే చూడలేనంత ఎబ్బెట్టు, ఖాతాలో వేస్తారు. నలభై అయిదేళ్ల మనిషి నలభై అయిదేళ్ల భాషలో హాయిగా మాట్లాడటంలో ఒక ఠీవి ఉంది. దాన్ని ఎందుకు వదులుకోవాలి?

నిజానికి తెలియని మాటతో పెద్ద చిక్కేమీ లేదు. తెలియదు కాబట్టి అడుగుతాం. కొంప ముంచేది తెలుసనుకున్న మాట. ఊరి నుంచి వచ్చిన తాతగారితో 'సాయంత్రం సొసైటీలో మీటింగ్' అంటే ఆయనకి యూరియా బస్తాలు గుర్తొస్తాయి. ఊళ్లో సొసైటీ అంటే సహకార సంఘం మరి. నోయిడాలో సొసైటీ అంటే గేటూ గార్డులూ ఉన్న అపార్ట్‌మెంట్ల సముదాయం. రీలు అంటే ఆయనకి సినిమా హాల్లో డబ్బాలోంచి తీసే ఫిల్మ్ చుట్ట. మనవరాలికి 2020 జూలైలో ఇన్‌స్టాగ్రామ్ మన దేశానికి తెచ్చిన పొట్టి వీడియో. ఇద్దరూ తలాడిస్తారు, చెరో అర్థంతో.

ఇంట్లో అయితే నవ్వుకుని ఊరుకుంటాం. సెక్టార్ 62లోనో ఎక్స్‌ప్రెస్‌వే పక్కనో ఉన్న ఆఫీసులో అదే పొరపాటు జరిగితే మనసులు విరుగుతాయి. చాట్‌లో పంపే పైకెత్తిన బొటనవేలి ఎమోజీ మేనేజరుకి 'భేష్, కానివ్వు'. చాలామంది కొత్త కుర్రాళ్లకి అది 'సర్లే, ఇక చాలు' అన్నట్టుంటుంది. కన్నీళ్లొచ్చేలా నవ్వే ముఖం ఎమోజీ 2015లో ఆక్స్‌ఫర్డ్ ఏడాది మాటగా నిలిచింది. ఇప్పుడు పిల్లలు దాన్ని ముసలివాళ్ల గుర్తు అంటున్నారు, నవ్వొస్తే పుర్రె బొమ్మ పెడుతున్నారు. చచ్చేంత నవ్వొచ్చిందని దాని భావం. అది చూసి ఎవరు పోయారోనని మీరు కంగారు పడక్కర్లేదు. ఫుల్‌స్టాప్ సంగతి ఇంకా విచిత్రం. ఫోన్లో ఒక్క మాట జవాబిచ్చి చివర చుక్క పెడితే మనస్ఫూర్తిగా అన్నట్టు లేదని అమెరికాలోని బింగమ్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో విద్యార్థులను పరిశీలించి తేల్చారు. అదే జవాబు చేత్తో రాసిన చీటీ మీద ఉంటే చుక్క ఎవరికీ అడ్డు రాలేదు. బడిలో చుక్క పెట్టకపోతే మొట్టికాయ తిన్న తరానికి ఇది మింగుడుపడదు, నిజమే. అయినా మీ టీములో ఇరవై మూడేళ్ల అమ్మాయికి 'ఓకే' పంపేటప్పుడు పక్కన మరో రెండు మాటలు చేర్చండి. 'ఓకే, బాగా చేశావు' అనడానికి రెండు సెకన్లు పడుతుంది.

'ఈఓడీ' అన్న మాటతో ఇంకో తంటా. రోజు ముగిసేలోగా అని అర్థం సరే, ఎవరి రోజు? న్యూయార్క్‌లో సాయంత్రం అయిదయ్యేసరికి నోయిడాలో అర్ధరాత్రి దాటి రెండున్నరో మూడున్నరో అవుతుంది. క్లయింటు అక్కడుంటే, గడువు ఉన్న పనికి గంట, తేదీ, ఏ దేశపు సమయమో రాయడం అలవాటు చేసుకోండి. అప్పుడు ఏ తరంవాడికీ నిఘంటువు అవసరం రాదు.

ఇక కుర్రాళ్లకి. ఇంటర్వ్యూలో 'నో క్యాప్' (అబద్ధం కాదు), 'లిటరల్లీ' పక్కన పెట్టాలని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే వాటి స్థానంలో 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' తెచ్చిపెట్టుకోకండి. బ్రిటన్‌లో మూలపడిన ఆ పాత ఆఫీసు పలుకు మన ఫైళ్లలో ఇంకా బతికుంది. 'ఫలానాది పంపగలరా?' అని సూటిగా అడిగితే చాలు. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లకి మరో జాగ్రత్త. మన దగ్గర 'బీసీ' అంటే కుల ధ్రువపత్రం మీద ఉండే మాట. ఢిల్లీ చుట్టుపక్కల కుర్రాళ్ల నోట అది చెల్లెలిని లాగే బూతుకి పొడి అక్షరాలు. మాటకి ముందొకటి, వెనకొకటి వేస్తారు. స్నేహితుల్లో కలిసిపోవాలని దాన్ని అంటించుకున్నారంటే మీటింగులో ఎప్పుడు జారుతుందో చెప్పలేం.

అడగడం పెద్దల వంతే అనుకోకండి. టెలిగ్రాం అంటే మీకు సినిమాలు దించుకునే యాప్. అది 2013 ఆగస్టులో వచ్చింది. అంతకు సరిగ్గా నెల ముందే మన తంతి సర్వీసు మూతపడింది. మీ తాతగారి కాలంలో గుమ్మంలో 'టెలిగ్రాం' అన్న కేక వినిపిస్తే కవరు విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. ఈ ఆదివారం వీడియో కాల్‌లో ఆయన్ని ఆ సంగతులు అడగండి. ఫోన్‌లో చార్జింగ్ చూసుకుని మరీ అడగండి, త్వరగా వదిలిపెట్టరు.