ఇంటి కప్పు కారితే

అర్ధరాత్రి. బయట జోరున వాన. ఇంట్లో దబ్బుమని చప్పుడయింది. అక్క ఉలిక్కిపడి లేచింది. స్లాబు పెచ్చు ఊడి కింద పడింది. చంటిబిడ్డ ఉయ్యాలకు, ఆ పెచ్చుకు జానెడే దూరం.

ఇది ముత్తుకూరు దగ్గర ఒక కాలనీ ఇల్లు అనుకుందాం.

అక్క లైటు వేయబోయింది. "స్విచ్చి ముట్టుకోవద్దే! గోడంతా చెమ్మగా ఉండాది" అని అత్త అరిచింది. అత్త చెప్పింది నిజం. తడి గోడ షాకు కొడుతుంది. మెయిను ఉన్న చోటు పొడిగా ఉంటేనే దాన్ని ఆపాలి. తడిగా ఉంటే కరెంటు మనిషిని పిలవాలి. ఆ రాత్రి అందరూ పక్క గదిలో పడుకున్నారు.

పోయిన ఏడు కూడా ఇట్లాగే అయింది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని బాగు చేయించారు. మేస్త్రి కింద నున్నగా పూత వేశాడు. సున్నం కొట్టాడు. డబ్బు తీసుకుని పోయాడు. ఈ వానకు మళ్లీ ఊడింది. ఎందుకు? జబ్బు పైన ఉంది. మందు కింద రాశారు.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టి వానలు. 2015 నవంబరులో, 2021 నవంబరులో నెల్లూరు జిల్లా ఎంత తడిసిందో మీకు గుర్తుండే ఉంటుంది. మిద్దె మీద నీళ్లు నిలిస్తే సన్న పగుళ్లలోంచి లోపలికి దిగుతాయి. స్లాబులో ఇనుప కమ్మీలు ఉంటాయి. అవి తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. లోపల ఉబ్బుతుంది. కింద ఉన్న సిమెంటును తోస్తుంది. అప్పుడు పెచ్చు ఊడుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది కదా! అందుకే మన ఊళ్లలో ఈ తుప్పు తొందరగా వస్తుంది.

వాన వెలిసింది. అక్క మిద్దె ఎక్కి చూసింది. నీళ్లు పోయే తూములో వేపాకులు, మట్టి, ఒక ప్లాస్టిక్ సంచి. అవన్నీ తీసేసింది. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో పొడుగ్గా పగులు కనిపించింది. ఈసారి ముందు ఆ పగులునే తెరిచి, శుభ్రం చేయించింది. నీళ్లు దిగకుండా మందు కలిపిన సిమెంటుతో పూడ్పించింది. ఆ తరవాత ఇంకో వాన వచ్చింది. చుక్క కారలేదు. అప్పుడు కప్పు బాగా ఆరేదాకా ఆగింది. తడి మీద పూత నిలవదు.

మేస్త్రి వచ్చాడు. "గదంతా కొట్టి వేయాలమ్మా" అన్నాడు.

"ఎంతవుతుంది మేస్త్రీ?"

"పది అడుగులు, పన్నెండు అడుగులు. మొత్తం 120 చదరపు అడుగులు."

అక్క తలకు గుడ్డ చుట్టుకుంది. కర్ర తీసుకుని ఓ పక్కగా నిలబడింది. కప్పును అడుగడుగునా మెల్లగా తట్టింది. బాగున్న చోట గట్టిగా మోగింది. పూత వదిలిన చోట డొల్లగా మోగింది. డొల్ల చోటు చుట్టూ బొగ్గుతో గీత గీసింది. టేపు పెట్టి కొలిచింది. 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. 6 × 5 = 30 చదరపు అడుగులు. మేస్త్రి నవ్వేశాడు. "సరేనమ్మా, ముప్పయ్యే" అన్నాడు.

డొల్లగా ఉన్నదంతా కొట్టేయించింది. నాలుగు కమ్మీలు బయట పడ్డాయి. ఇనుప బ్రష్షుతో తుప్పు గీకి, తుప్పు మందు పూశారు. కమ్మీ అరిగి సన్నబడితే మాత్రం పూతతో సరిపెట్టకూడదు. కప్పు కిందికి వంగినా అంతే. ఇంజనీరుకు చూపించాలి. అందాకా ఆ గదిలో పడుకోకూడదు.

సముద్రపు ఇసుక ఊరికే వస్తుంది. కానీ వాడకూడదు. దానిలో ఉప్పు ఉంటుంది. ఏటి ఇసుక కావాలి. బోరు నీళ్లు నాలుకకు ఉప్పగా తగిలినా వద్దు, మంచినీళ్లే కలపాలి.

సిమెంటు బస్తా మీద అంకెలు చదవండి. తయారయిన వారం, సంవత్సరం వేసి ఉంటాయి. వారం 40 అంటే అక్టోబరు మొదట్లో తయారయిందని అర్థం. మూడు నెలలు దాటిన బస్తా వద్దనండి. అక్క అంగట్లో ఒక బస్తా తిప్పి పంపింది. అంగడి ఆయన గొణిగాడు. గొణగనీ!

తట్ట సిమెంటుకు మూడు తట్టల ఇసుక. స్లాబుకు గాట్లు పెట్టి, తడిపి, సిమెంటు పాలు పూసి, వెంటనే పూత వేయాలి. మందం చిటికెన వేలిలో సగం చాలు. మందంగా వేస్తే బరువుకు జారుతుంది. గుంట లోతుగా ఉంటే రెండు సార్లుగా వేయాలి. నీళ్లు కలిపిన సిమెంటు అరగంటలో అయిపోవాలి.

తరవాత ఏడు రోజులు తడపాలి. ఈ పని మేస్త్రి చేయడు, మనమే చేసుకోవాలి. అక్క పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించింది. మరచిపోకుండా రోజుకొక గీత గోడ మీద గీసింది. ఏడో గీత అత్త గీసింది. బాగా ఆరాకే సున్నం కొట్టారు.

పాత మద్రాసు మిద్దెలున్న వారికి ఒక మాట. దూలాలు, ఇటుకలు, సున్నంతో కట్టిన ఆ కప్పులకు సున్నపు పూతే వేయించండి. సిమెంటు పూత వేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

లెక్క చేయండి:
మీ ఇంట్లో 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున పూత ఊడింది. ఎన్ని చదరపు అడుగులు?
పూతకు 2 తట్టల సిమెంటు తీసుకున్నారు. ఎన్ని తట్టల ఇసుక కలపాలి?